ఫ్యామిలీ ఎంటర్‌టైన్‌మెంట్ సెంటర్ నడపడం ఎలా: వచ్చినవాళ్లని మళ్లీ రప్పించే పని

మా సెంటర్ తెరిచిన నాలుగో నెలలో ఒక శనివారం మధ్యాహ్నం. బాస్కెట్‌బాల్ మెషీన్ ముందు ఆరేడేళ్ల బాబు నిలబడి ఉన్నాడు. మెషీన్‌కి 'పనిచేయడం లేదు' అని కాగితం అంటించి ఉంది. వాళ్లమ్మ నావైపు తిరిగి మామూలు గొంతుతోనే అడిగింది: "పోయిన నెల వచ్చినప్పుడు కూడా ఇది ఇలాగే ఉంది కదండీ?" నాకు నోట మాట రాలేదు. అందులో పోయింది బొటనవేలంత సెన్సార్. తెప్పిస్తాం, తెప్పిస్తాం అంటూ వారాలు గడిపేశాం. ఆవిడ వెళ్లాక వాళ్ల గేమ్ కార్డు (డబ్బు వేయించుకుని మెషీన్ల మీద గీసి ఆడుకునే కార్డు) నంబరు రాసిపెట్టుకుని కొన్ని నెలలపాటు సిస్టమ్‌లో చూస్తూ వచ్చాను. ఆ కార్డు మళ్లీ ఏ మెషీన్ మీదా పడలేదు.

రంగు లైట్లు, పెద్ద బోర్డు, ప్రారంభ ఆఫర్లు జనాన్ని మొదటిసారి లోపలికి తెస్తాయి. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు మాత్రం మూడోసారి, ఆరోసారి వచ్చేవాళ్ల డబ్బుతోనే కట్టాలి. అరగంట ప్రయాణంలో పిల్లలున్న ఇళ్లు ఎన్ని ఉంటాయో అన్నే ఉంటాయి, కొత్తవాళ్లు పుట్టుకొస్తూ ఉండరు. అందుకే కింద చెప్పే ప్రతి పనినీ నేను ఒకే ప్రశ్నతో చూస్తాను: దీనివల్ల ఆ కుటుంబం మళ్లీ వస్తుందా?

1. ఎవరి కోసమో ముందే తేల్చుకోండి

'అన్ని వయసులవాళ్లకీ' అని బోర్డు మీద రాసుకోండి, తప్పులేదు. ప్లాన్ గీసేటప్పుడు మాత్రం ఆ మాట మర్చిపోండి. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒక ప్రపంచం, ఎనిమిది నుంచి పదమూడు దాకా ఇంకొకటి. టీనేజర్లది పూర్తిగా వేరు. పదిహేనేళ్ల కుర్రాళ్లు గుంపుగా పరుగెత్తే చోట మూడేళ్ల పాపని దించడానికి ఏ తల్లికీ మనసొప్పదు. మీ పెట్టుబడిలో సగానికి పైగా ఏ వయసు మీద పెడుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే ముందుకు వెళ్లండి.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. వీడియో గేముల కంపెనీ అటారీ స్థాపకుల్లో ఒకరైన నోలన్ బుష్‌నెల్ 1977లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పిజ్జా, వీడియో గేములు, పాడే బొమ్మలు కలిపి ఒక రెస్టారెంట్ తెరిచారు. అదే తర్వాత చకీ చీజ్ అనే రెస్టారెంట్ల గొలుసు అయింది. అప్పటికి నాణెం వేసి ఆడే గేములు ఎక్కువగా బార్లలో ఉండేవి, పిల్లలకి అక్కడ చోటు లేదు. పిజ్జా ఓవెన్‌లోంచి రావడానికి కాసేపు పడుతుంది, ఆ కాసేపూ పిల్లలు ఆడుకుంటారు. కుటుంబం ఎందుకు కూర్చుంటుంది, ఎంతసేపు కూర్చుంటుంది అన్నది ఆయన ముందే ఆలోచించి పెట్టుకున్నారు. అయితే అదే కంపెనీ 1984లో దివాలా పిటిషన్ వేసింది. ఆలోచన బాగుంటే చాలదన్నది కూడా ఆ కథలోనే ఉంది.

2. రద్దీ రోజు లెక్క వేయండి

ఏడాదికి ఎంతమంది వస్తారన్న అంచనాతో బ్యాంకు రిపోర్టు తయారవుతుంది. సెంటర్ మాత్రం రద్దీ శనివారం సాయంత్రానికి తట్టుకోవాలి. ఉదాహరణకి ఏడాదికి 60,000 మంది అనుకుందాం. వారానికి సగటున 1,150 మంది. సెలవుల వారాల్లో అది 1,500 దాకా పోతుంది. అందులో 30 శాతం శనివారమే వస్తారనుకుంటే 450 మంది. ఒక్కొక్కరూ రెండేసి గంటలు ఉంటే, సాయంత్రం ఐదు ప్రాంతంలో వాళ్లలో 35 నుంచి 40 శాతం ఒకేసారి లోపల ఉంటారు. అంటే 160 నుంచి 180 మంది.

మీ టాయిలెట్లు, కుర్చీలు, చెప్పుల అరలు, ఏసీ, పార్కింగ్ ఈ 180కి సరిపోవాలి. 300 మందికి సరిపడా కడితే మిగతా రోజుల్లో హాలు బోసిపోతుంది, అద్దె తడిసి మోపెడవుతుంది. 100 మందికే కడితే క్యూలో నిలబడి విసిగిపోయిన కుటుంబం మళ్లీ మొహం చూపించదు.

డబ్బు విషయంలో ఒక్క హెచ్చరిక. మొదటి మూడు నెలల కలెక్షన్ చూసి మురిసిపోకండి. అది కొత్త ముచ్చట. ఆ ఊపులోనే రెండో బ్రాంచి మొదలుపెట్టి, మొదటిదాన్ని కూడా పోగొట్టుకున్నవాళ్లని చూశాను. కనీసం ఆరు నెలల అద్దె, జీతాలు పక్కన పెట్టుకున్నాకే తలుపులు తెరవండి.

3. స్థలం: కొలిచేది టేపుతో, చూసేది తలపైకెత్తి

సాఫ్ట్ ప్లేలో, అంటే మెత్తటి ప్యాడ్లు, వలలు, స్లైడ్లతో పిల్లలు ఎక్కి దిగే ఆటల గూడులో, ఒక్కో అంతస్తు సుమారు 1.2 మీటర్ల ఎత్తు ఉంటుంది. మూడంతస్తుల స్ట్రక్చర్ కావాలంటే నాలుగున్నర మీటర్ల ఖాళీ ఎత్తు చూసుకోవాలి. స్లాబ్ దాకా కొలిచి సరిపోతుందనుకోవద్దు. ఏసీ డక్ట్, స్ప్రింక్లర్ పైపు అడుగుభాగం దాకా కొలవండి. ఈ ఒక్క తేడాతో ఆర్డర్ ఇచ్చిన స్ట్రక్చర్‌లో పై అంతస్తు మొత్తం తీసేయాల్సి వచ్చిన సెంటర్లున్నాయి.

స్తంభాల మధ్య దూరం, కరెంటు లోడ్, నేల ఎంత బరువు మోస్తుంది అన్నవి ఇంజినీరు చేత రాయించుకోండి. పై అంతస్తు తీసుకుంటే కింద ఎవరున్నారో వెళ్లి చూడండి. ట్రామ్పోలిన్ల (మీద ఎగిరి దూకే సాగే షీట్ల) అదురు, బౌలింగ్ బంతుల చప్పుడు కింద ఉన్న ఆఫీసుకో క్లినిక్‌కో తగిలితే గొడవ ఏళ్లతరబడి నడుస్తుంది. ఏసీ లెక్క కూడా మామూలు షాపు లెక్క కాదు. పరుగెత్తే పిల్లలు విడిచే వేడి, చెమట వేరు. తాజా గాలి సరిగ్గా ఆడకపోతే సాయంత్రానికి హాలంతా తడి సాక్సుల వాసన.

లీజులో నాలుగు విషయాలు పట్టుబట్టండి: పనులు జరిగే నెలలకి అద్దె మినహాయింపు, గడువు తీరాక పొడిగించుకునే హక్కు, ఏసీ పాడైతే బాగుచేయించే బాధ్యత ఎవరిది, మధ్యలో ఖాళీ చేయమంటే పరిహారం ఎంత. ఈ సామాను విప్పి ఇంకోచోట బిగించడం మంచం మార్చినంత తేలిక కాదు.

4. లేఅవుట్ తల్లిదండ్రుల కుర్చీ నుంచి మొదలవుతుంది

పిల్లలకి ఎక్కడైనా సరదాగానే ఉంటుంది. ఇంకో అరగంట ఉందామా, బయల్దేరదామా అన్నది తేల్చేది కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్లు. ప్లాన్ కాగితం మీద ముందు సీటింగ్ గీయండి. ఆ కుర్చీలోంచి సాఫ్ట్ ప్లే లోపలికీ బయటికీ దారి, పిల్లలు జారి దిగే చోటు, టాయిలెట్ తలుపు కనిపించాలి. నేనైతే డ్రాయింగ్ వచ్చాక నేలమీద టేపు అంటించి, ఒక కుర్చీ వేసుకుని అక్కడక్కడా కూర్చుని చూస్తాను. కంప్యూటర్ బొమ్మలో కనపడని స్తంభం అప్పుడు కనపడుతుంది.

పసిపిల్లల ప్రాంతం మూలగా, సీటింగ్‌కి దగ్గరగా, చిన్న గేటుతో ఉండాలి. పెద్దపిల్లలు పరుగెత్తే దారి దాని పక్కనుంచి పోకూడదు. బయటికి వెళ్లే మామూలు దారి ఒక్కటే, దాని దగ్గర మనిషి ఎప్పుడూ ఉండాలి. ఎమర్జెన్సీ తలుపులు వేరు, వాటి గురించి తర్వాత చెబుతాను.

శబ్దం సంగతి చాలామంది ఆఖర్న ఆలోచిస్తారు. ఎనిమిది గంటల షిఫ్టులో సగటున 85 డెసిబెల్స్ దాటితే వినికిడికి ప్రమాదమని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. నలభై మెషీన్లు తలా ఒక పాట పాడుతుంటే ఆ హద్దు చేరడానికి ఎంతోసేపు పట్టదు. ప్రతి మెషీన్ వాల్యూమ్‌నీ ఫ్యాక్టరీ సెట్టింగ్ నుంచి సగానికి దించండి, పైకప్పుకి శబ్దం పీల్చే ప్యానెళ్లు వేయించండి. తలనొప్పితో ఇంటికెళ్లిన నాన్న వచ్చే ఆదివారం ఇంకేదో వంక చెబుతాడు.

5. భద్రత

ఇక్కడ ఖర్చు తగ్గించాలనిపిస్తే ఈ వ్యాపారం వద్దు, ఇంకేదైనా చూసుకోండి.

పరికరాలు కొనేటప్పుడు ఏ ప్రమాణానికి తయారైందో రాతపూర్వకంగా అడగండి. సాఫ్ట్ ప్లేకి అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ఇచ్చిన ఎఫ్ 1918, యూరప్‌లో ఈఎన్ 1176 పదో భాగం. ట్రామ్పోలిన్ పార్కులకి ఏఎస్‌టీఎం ఎఫ్ 2970, 2022లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23659. అమ్మేవాడు 'అంతర్జాతీయ నాణ్యత' అని ఊరుకుంటే వదిలేయండి. నంబరుతో, పరీక్ష చేసిన ల్యాబ్ రిపోర్టుతో ఇచ్చేవాడి దగ్గరే కొనండి. స్థానిక చట్టాలు, లైసెన్సులు వీటికి అదనం.

ప్రమాణాల్లో ఉన్నదేమిటో ఒక్క ఉదాహరణ చెబుతాను. నాలుగువైపులా మూసుకుని ఉన్న ఖాళీ సుమారు 89 మిల్లీమీటర్లకీ 230 మిల్లీమీటర్లకీ మధ్య ఉంటే అది ప్రమాదకరం. పిల్లాడి ఒళ్లు కాళ్లవైపు నుంచి దూరిపోతుంది, తల దగ్గర ఇరుక్కుంటుంది. వల చిరిగితే, ప్యానెల్ బోల్టు వదులైతే సరిగ్గా అలాంటి ఖాళీయే తయారవుతుంది. కాబట్టి రోజూ ఉదయం చెకింగ్‌ని కాగితం మీద టిక్కులు పెట్టే పనిలా చేయకండి. ఒక మనిషి సాక్సులతో లోపలికి పాకుతూ వెళ్లాలి. వలని రెండు చేతులతో లాగాలి, ప్యాడ్ల కింద చెయ్యి పెట్టి తడమాలి, స్లైడ్ మీద అరచేయి రాసి పగుళ్లున్నాయేమో చూడాలి. పెద్దవాడు పాకలేని స్ట్రక్చర్ కొనొద్దు. లోపల ఏడుస్తున్న పిల్లని తీసుకురావడానికైనా మనిషి పట్టాలి కదా.

ట్రామ్పోలిన్ మీద ఒక్కరే ఎగరాలన్న నియమం ఎందుకో సిబ్బందికి కారణంతో సహా చెప్పండి. బరువున్న మనిషి దిగిన క్షణంలో పక్కన చిన్నపిల్ల ఉంటే, ఆ షీటు పైకి లేచే బలమంతా పిల్ల కాళ్లకి తగులుతుంది. మోకాలి కింది ఎముక విరిగే ప్రమాదం అక్కడే. 'రూల్' అంటే గొణుగుతూ వినే తండ్రి, ఈ కారణం చెబితే పాపని ఎత్తుకుని వెంటనే దిగిపోతాడు.

నిప్పు సంగతి. 2018 మార్చి 25న రష్యాలోని కెమెరోవో నగరంలో, పిల్లల ఆటస్థలం, సినిమా హాళ్లు ఉన్న మాల్‌లో మంటలు లేచి 60 మంది చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. అలారం పనిచేయలేదు, బయటపడే దారులు మూసి ఉన్నాయి. 2024 మే 25న రాజ్‌కోట్‌లో గేమ్ జోన్ కాలిపోయి 20 మందికి పైగా మరణించారు. లోపల జనం ఆడుతుండగా వెల్డింగ్ పని నడుస్తోంది. మన హాలు నిండా ఫోమ్, ప్లాస్టిక్, బట్ట. అంటుకుంటే నల్లటి పొగ నిమిషాల్లో కమ్మేస్తుంది. కొనే ప్రతి ఫోమ్‌కీ మంటలని తట్టుకుంటుందన్న సర్టిఫికెట్ తీసుకోండి. ఎమర్జెన్సీ తలుపులు రోజూ తోసి చూడండి, వాటి ముందు పార్టీ బల్లలు పేర్చనివ్వకండి. జనం ఉండగా వెల్డింగ్, గ్రైండింగ్ వద్దు. ఊరికే మోగుతోందని అలారం ఆపేసిన ఉద్యోగిని ఆ రోజే ఇంటికి పంపించాను. దాని మీద నాకిప్పటికీ పశ్చాత్తాపం లేదు.

దెబ్బ తగిలిన ప్రతిసారీ, బుడిపె అయినా సరే, టైమ్, చోటు, సాక్షి, చేసిన ప్రథమ చికిత్స రాసి పెట్టండి. సీసీ కెమెరా క్లిప్ విడిగా సేవ్ చేయండి. బీమా పాలసీలో మీరు నడిపే ప్రతి ఆటా పేరుపేరునా ఉందో లేదో చూసుకోండి. చాలా పాలసీల్లో ట్రామ్పోలిన్ అడిగితేనే చేరుస్తారు.

6. ప్రైజ్ కౌంటర్ లెక్క

గెలిస్తే టికెట్లు ఇచ్చే ఆటల దగ్గర, ఆ టికెట్లకి బహుమతులిచ్చే కౌంటర్ దగ్గర ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. పిసినారితనం చేస్తే పిల్లలు మొహం వేలాడేసుకుని వెళతారు, ధారపోస్తే లాభం కనపడదు. ఆటల ఆదాయంలో 20 నుంచి 30 శాతం మధ్య బహుమతుల రూపంలో వెనక్కివ్వడం ఈ రంగంలో మామూలు పద్ధతి. నేను 25 పెట్టుకుంటాను.

ఒక ఆట ధర 100 యూనిట్లు అనుకోండి, ఏ డబ్బయినా ఫర్వాలేదు. ఆ ఆట సగటున 10 టికెట్లిస్తే, 25 శాతం లెక్కన ఒక్కో టికెట్ మనకి 2.5 యూనిట్ల ఖర్చు. మనకి 500 యూనిట్లు పడిన బొమ్మని 200 టికెట్లకి ఇవ్వాలి. రవాణా, విరిగిపోయినవి, మాయమైపోయినవి కలిపి ఇంకో 15 శాతం వేసుకుని 230 అని అంటించండి. ఏ మెషీన్ సగటున ఎన్ని టికెట్లు ఇస్తోందో వారానికోసారి సిస్టమ్‌లో చూడండి. 10 ఇవ్వాల్సినది 17 ఇస్తోందంటే సెన్సార్ పోయినట్టు. 4 ఇస్తోందంటే ఆ మెషీన్ దగ్గర ఎవరో ఒక పిల్లాడు ఏడ్చి వెళ్లినట్టు.

అసలు కిటుకు కింది అరలో ఉంటుంది. అందరికంటే తక్కువ టికెట్లు తెచ్చుకున్న పాపకి కూడా, పన్నెండే ఉన్నా సరే, ఎంచుకోవడానికి నాలుగైదు రకాలు ఉండాలి. ఒక్కటే ఉంటే అది తీసుకోవడం, నాలుగుంటే ఎంచుకోవడం. కౌంటర్ అద్దానికి ముక్కు ఆనించి పదినిమిషాలు 'అది... కాదు కాదు, ఇది' అంటూ తేల్చుకోలేని పిల్లని విసుక్కోని ఉద్యోగినే అక్కడ నిలబెట్టండి. పై అరలో మాత్రం ఒకటి రెండు పెద్ద వస్తువులు పెట్టండి. ఒకే రోజులో అందవు, టికెట్లు కార్డులో దాచుకుంటూ రావాలి. పిల్లాడే ఇంట్లో గుర్తు చేస్తాడు: "అమ్మా, ఇంకో మూడొందలు కావాలి అంతే!"

బొమ్మని పట్టి లేపే క్రేన్ మెషీన్లలో పట్టు బలాన్ని యజమాని మార్చుకోవచ్చు. దాన్ని మరీ బిగించి సంపాదించినవాళ్లున్నారు. చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుందో కనుక్కోండి, అంతకంటే మెత్తగానే ఉంచండి. ఎవరో ఒకరు బొమ్మ చంకలో పెట్టుకుని హాలంతా తిరుగుతుంటే అదే మీ ప్రకటన.

7. ధరలు

పెద్దగా చెప్పేదేం లేదు, కానీ తప్పులు తెలిసినవే. ధరల బోర్డు ఇరవై సెకన్లలో అర్థం కావాలి. మూడు ప్యాకేజీలు దాటితే కౌంటర్ దగ్గరే క్యూ ఆగిపోతుంది. సాక్సులు, లాకర్, పెద్దవాళ్ల ప్రవేశం అంటూ ఒక్కొక్కటిగా తగిలిస్తూ పోతే లోపలికి వచ్చేలోపే వాళ్లకి మనమీద అనుమానం వచ్చేస్తుంది. వాటిని ప్రవేశ టికెట్ ధరలోనే కలిపేయండి.

శని ఆదివారాల్లో డిస్కౌంట్ ఇవ్వకండి, ఎలాగూ నిండుతుంది. మంగళవారం ఉదయం ఏం చేస్తారన్నదే ప్రశ్న. బడికి వెళ్లని పసిపిల్లల తల్లులకి నెలవారీ పాస్, పొద్దున పదకొండు గంటలకి కథ చెప్పడమో బొమ్మలు వేయించడమో పెట్టండి. బడి పిల్లల గ్రూపులని మధ్యాహ్నాలకి పిలవండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నెలకో రెండుసార్లు లైట్లు తగ్గించి, మెషీన్ల శబ్దం ఆపి రెండు గంటలు తెరవండి. ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియక ఇంట్లోనే ఉండిపోయే ఆ కుటుంబాలు ఎంత నమ్మకంగా మళ్లీ మళ్లీ వస్తాయో నేను ముందు ఊహించలేదు.

8. పుట్టినరోజు పార్టీలు

పదిహేనుమంది పిల్లలొచ్చే పార్టీ అంటే పద్నాలుగు కొత్త కుటుంబాలు ఇంకొకరి ఖర్చుతో మీ దగ్గరికి వచ్చినట్టు. వాళ్లలో కనీసం కొందరు వచ్చే ఏడాదిలోపు తమ పిల్లల పార్టీ ఎక్కడ చేయాలా అని ఆలోచించేవాళ్లే. ఇంత చవకైన ప్రచారం ఇంకోటి లేదు. చెడగొట్టుకుంటే అంత ఖరీదైన అప్రతిష్ఠా లేదు.

రెండు గంటల పార్టీకి నేను వాడే సమయం ఇది. మొదటి పదిహేను నిమిషాలు వచ్చేవాళ్ల కోసం, రిస్ట్‌బ్యాండ్లు, సాక్సులు. తర్వాత అరవై నిమిషాలు ఆట. ముప్పై నిమిషాలు గదిలో తిండి, కేకు. ఆఖరి పదిహేను నిమిషాలు బహుమతులు, ఫోటోలు, సామాను సర్దడం. తర్వాతి పార్టీకి గది ఇచ్చే ముందు అరగంట ఖాళీ కచ్చితంగా ఉంచండి. కక్కుర్తిపడి పావుగంటకి దించితే, ఒకళ్ల కేకు ముక్కలు తుడుస్తుండగా ఇంకొకళ్ల చుట్టాలు గుమ్మంలో నిలబడతారు.

పది పన్నెండుమంది పిల్లలకి ఒక హోస్ట్. ఆ మనిషి మొదటినుంచి చివరిదాకా మారకూడదు. తల్లిదండ్రులు కెమెరాలో పడాలి, ప్లేట్లు మోయకూడదు. డబ్బు మిగతాది పార్టీ మధ్యలో అడగొద్దు, అంతా అయ్యాక పక్కకి పిలిచి అడగండి.

మా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. ఒకే రోజు ఒకే పేరున్న ఇద్దరు పిల్లల పార్టీలు, పక్కపక్క గదుల్లో. ఒకడికి ఐదేళ్లు, ఇంకొకడికి ఏడు. కేకులు తారుమారయ్యాయి. ఐదేళ్లవాడు పట్టించుకోలేదు, ఏడు అంకె ఉన్న కొవ్వొత్తి చూసి పొంగిపోయాడు కూడా. ఏడేళ్లవాడు మాత్రం 'నేను చిన్నపిల్లాణ్ణి కాదు' అని బల్ల కింద దూరాడు, అరగంట బయటికి రాలేదు. అప్పటినుంచి ప్రతి పార్టీ కాగితం మీదా, కేకు డబ్బా మీదా పేరుతోపాటు వాళ్ల ఫోన్ నంబరులో ఆఖరి నాలుగు అంకెలు రాస్తున్నాం. ఆహారంలో ఎవరికేం పడదో ఎర్ర ఇంకుతో అదే కాగితం మీద ఉంటుంది. ఆ రోజు తారుమారైనది కేకు అలంకరణే, అలర్జీ ఉన్న పదార్థం కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

9. సిబ్బంది

పిల్లల కళ్లలోకి చూసి మాట్లాడగలిగేవాళ్లని తీసుకోండి, మెషీన్ పని మీరు నేర్పవచ్చు. ఇంటర్వ్యూని హాల్లోనే, పిల్లలు తిరుగుతుండగా చేస్తాను. కాళ్ల దగ్గరికి బంతి దొర్లుకుంటూ వస్తే అభ్యర్థి ఏం చేస్తాడో చూస్తే చాలు, సగం తెలిసిపోతుంది. మిగతా సగానికి నేపథ్య విచారణ తప్పనిసరి.

రాసి పెట్టుకోవలసిన నియమాలు రెండున్నాయి. ఒకటి, మూసిన గదిలో ఏ ఉద్యోగీ పిల్లతో ఒంటరిగా ఉండకూడదు, టాయిలెట్‌కి పెద్దవాళ్లే తీసుకెళ్లాలి. రెండు, పిల్ల తప్పిపోయిందని వినగానే ముందు తలుపు దగ్గర మనిషి అడ్డంగా నిలబడాలి, వెతకడం ఆ తర్వాత. తల్లికీ బిడ్డకీ ఒకే నంబరున్న రిస్ట్‌బ్యాండ్లు వేస్తే, బయటికి వెళ్లేటప్పుడు నంబర్లు కలిస్తేనే పంపిస్తారు. నెలకోసారి దీన్ని ఉత్తుత్తిగా చేయించి స్టాప్‌వాచ్‌తో చూడండి.

10. శుభ్రం, రిపేర్లు

బాల్ పిట్, అంటే ప్లాస్టిక్ బంతులు నింపిన ఆట గుంట, నాకు నచ్చదు. బంతులన్నీ తీసి కడిగే మెషీన్, దానికో మనిషి లేకుండా పెట్టకండి. పిల్లాడు వాంతి చేసుకుంటే ఆ ప్రాంతం వెంటనే మూసేయాలి. గ్లవ్స్, మాస్క్ వేసుకుని తుడిచాక బ్లీచ్ ద్రావణం కనీసం ఐదు నిమిషాలు ఉంచాలి. ఎందుకంటే వాంతులు, విరేచనాలు అంటించే నోరోవైరస్‌కి ఆల్కహాల్ శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. అమెరికా వ్యాధి నివారణ సంస్థ సీడీసీ సూచన 1,000 నుంచి 5,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) క్లోరిన్ బ్లీచ్. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దీనికి కావలసినవన్నీ ఒక బకెట్‌లో సర్ది, మూత మీద పేరు రాసి, అందరికీ తెలిసిన చోట పెట్టండి.

రిపేర్ల మాటకొస్తే, ఆ బాస్కెట్‌బాల్ సెన్సార్ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి: ఏ మెషీనైనా 48 గంటల్లో బాగవకపోతే దాన్ని హాల్లోంచి తీసేస్తాం. ఖాళీ జాగా ఎవరికీ గుర్తుండదు, చచ్చిన మెషీన్ అందరికీ గుర్తుంటుంది. సెన్సార్లు, బటన్లు, పవర్ సప్లైలు, క్రేన్ తీగలు, ఎయిర్ హాకీ పక్‌లు ఎప్పుడూ స్టాకులో ఉండాలి. మెషీన్ కొనేటప్పుడే ధరతోపాటు విడిభాగాల జాబితా, అవి ఎన్ని రోజుల్లో వస్తాయో రాయించుకోండి. చవకగా దొరికిన మెషీన్‌కి విడిభాగం రెండు నెలల తర్వాత వస్తే అది చవక కాదు.

11. సోమవారం ఉదయం చూసే అంకెలు

ఒక్కో మనిషి సగటు ఖర్చు. గత తొంభై రోజుల్లో మళ్లీ వాడిన కార్డుల శాతం. పార్టీకొచ్చిన కుటుంబాల్లో తర్వాత సొంతంగా వచ్చినవాళ్లు ఎందరు. మెషీన్లు పనిచేయని గంటలు. మంగళ, బుధ, గురువారాల హాజరు. ఈ ఐదూ ఒక కాగితం మీద పడితే చాలు, పెద్ద డ్యాష్‌బోర్డులు అక్కర్లేదు. అద్దె అమ్మకాల్లో 20 శాతం దాటితే ఊపిరాడదన్నది నా అనుభవం. జీతాలు పెరిగితే భయపడను, హాల్లో మనుషులు తగ్గితే భయపడతాను.

రెండో అంకె తగ్గుతుంటే ప్రకటనల మీద డబ్బు తగలెయ్యకండి. ఒక సాయంత్రం మామూలు కస్టమర్‌లా కార్డు కొనుక్కుని, ఎవరికీ చెప్పకుండా రెండు గంటలు గడపండి. పిల్లలుంటే వాళ్లని తీసుకెళ్లండి. కారణం కళ్లముందే ఉంటుంది.

12. పాతబడనివ్వకండి

1989లో మొదలైన డిస్కవరీ జోన్ అనే అమెరికన్ సంస్థ ఇండోర్ ప్లే సెంటర్లని దేశమంతా వందల సంఖ్యలో తెరిచి, 1996లో దివాలా తీసింది. అంత పెద్దదాన్ని చూసి మనం నేర్చుకునేది ఒక్కటుంది. కొత్త తలుపులు తెరిచే హడావుడిలో పాత తలుపుల వెనక ఏం జరుగుతోందో చూడకపోతే ఆదాయం నిలవదు.

అమ్మకాల్లో కొంత, నేనైతే ఐదు నుంచి ఎనిమిది శాతం, కొత్తదనం కోసం ప్రతి నెలా విడిగా వేసుకుంటాను. ఏటా ఆర్కేడ్‌లో (గేమ్ మెషీన్ల విభాగంలో) పది పదిహేను శాతం మెషీన్లు మారాలి. సంపాదన తక్కువైనవి ముందు జరిపి చూడండి. గోడవార నిద్రపోతున్న మెషీన్‌ని కేఫ్ దారిలో పెడితే లేచి కూర్చున్న సందర్భాలు చాలా ఉన్నాయి. అప్పటికీ కదలకపోతే అమ్మేయండి. సాఫ్ట్ ప్లేలో మూడేళ్లకోసారి ఒక భాగం విప్పి కొత్తది బిగించండి, మొత్తం మార్చక్కర్లేదు. పిల్లలకి ఒక కొత్త స్లైడ్ చాలు, హాలంతా కొత్తదైనట్టు చెప్పుకుంటారు.

పాత మెషీన్ అమ్మేటప్పుడు దాని కార్డ్ రీడర్ విప్పి దాచుకోండి. కొత్త మెషీన్‌కి అదే పనికొస్తుంది, కొనాలంటే ఖరీదు. మెషీన్ తాళంచెవులు, సర్వీస్ మాన్యువల్ మాత్రం కొన్నవాడికి ఇచ్చేయండి. లేకపోతే వాడు ఏడాదిపాటు ఫోన్ చేస్తూనే ఉంటాడు.